పక్క గేటు

తెల్లవారకముందే వరుస మొదలైంది.
తువమసీన ఫుట్‌బాల్ మైదానం గోడ చుట్టి
రేవు రోడ్డు మీదుగా
రైలు పట్టాలు దాటి, ఇంకా అటు.
తల మీద ముసుగులు, వీపున కట్టుకున్న పిల్లలు,
గొంతు దగ్గర గుమ్మడిపిందెంత వాపుని
కండువాలో దాచుకున్న ఆడమనిషి,
ఆమె కొడుకు పట్టుకున్న గొడుగు. వాన లేదు.

ఆర్నెల్లు ఓడ మీద నర్సుగా చేస్తానని
నా బెర్తుకి నేనే అద్దె కట్టుకుని వచ్చాను.
కట్లు కడతాననుకున్నాను, గాయాలు కడుగుతాననుకున్నాను.
మొదటిరోజు నాకు పడ్డ పని
పక్క గేటు దగ్గర నిలబడడం.

ముందు గేటు దగ్గర పసుపు చీటీ ఇస్తారు.
గ్రహణమొర్రి, కంటి పొర,
కాలి అతుక్కుపోయి ఛాతీకి కుట్టేసినట్టున్న గడ్డం:
కత్తికి లొంగేవి అటు.
లొంగనివి నా వైపు.

"ఒక్క మాట నేర్పు చాలు" అన్నాను నిరిసువతో.
లవంగాల గోదాములో పద్దులు రాసే పిల్ల,
మాకు మాటసాయానికి వచ్చింది.
"మీకు దానికి ఒక్క మాటే ఉందా?" అంది.
ఆలోచిస్తే మూడు.
కాదు. లేదు. వద్దు.
నవ్వింది. "మాకూ మూడే.
త్సీ. త్సిసి. అజా.
నీకు ఇవాళ్టికి మొదటి రెండూ చాలు."

త్సీ, ఇది మేము చేసేది కాదు.
త్సిసి, దీనికి మా దగ్గర మందు లేదు.
పది గంటలకల్లా నాలుక తిరిగింది.
పదకొండుకి, తడబడకుండా అనేస్తున్నాను.
అప్పుడు భయం వేసింది.

మనన్‌జారా వచ్చేసరికి నీడ కాళ్ళ కిందికి చేరింది.
మూడు రోజులు నడక,
ఒక రాత్రి లారీలో బస్తాల మధ్య.
దవడ కింద రాయిలాంటి గడ్డ,
దాని వెనక ఇంకోటి, ఇంకోటి.
కొళాయి దగ్గర స్నానం చేసి
ఆపరేషన్ కోసం దాచుకున్న చొక్కా వేసుకుని వచ్చాడు,
మడతలు ఇంకా చెదరలేదు.
ఆ పేరుకి అర్థం, వాటా ఉన్నవాడు అట.
నిరిసువ చెప్పి, చెప్పకుండా ఉండాల్సిందనుకుంది.

త్సీ అన్నాను.
తలూపాడు, సంతలో ధర కుదరనట్టు.
తర్వాత అడిగాడు:
ఓడ వచ్చే ఏడు మళ్ళీ వస్తుందా?

ఓడ వస్తుంది.
నేర్చుకున్న రెండు మాటల్లో
ఒక్కటీ అక్కడ ఇమడలేదు.
నా కళ్ళు ఏం చేశాయో నాకు తెలీదు.
అతను చెయ్యెత్తి, నా మొహానికి బెత్తెడు దూరంలో ఆపి
"అజా" అన్నాడు.
నిరిసువ తర్జుమా చెయ్యలేదు.
"అది మూడోది" అని మాత్రం అంది.

డాక్టరుకని తెచ్చిన మూట విప్పి
పిడికెడు లవంగాలు నా అరచేతిలో పోశాడు.
వెనక్కి ఇవ్వబోతే
వినపడనట్టు వరుస వెంట ఎదురు నడిచాడు,
ఇంకా ఆశ ఉన్నవాళ్ళని ఒక్కొక్కళ్ళనీ దాటుకుంటూ.

మా వార్డు నీటిమట్టానికి కింద. కిటికీలు లేవు.
రాత్రో పగలో సెలైన్ సీసా చెప్పదు,
అల వచ్చి ఓడ పక్కకి ఆనినప్పుడు
కొంచెం ఊగుతుంది అంతే.
మూడో వారం, తొమ్మిదో మంచం.
పై పెదవి కొత్తగా కుట్టించుకున్న నాలుగేళ్ళ సుల్‌ఫూ,
కుట్లు పీక్కోకుండా మోచేతులకి అట్టలు కట్టాం.
నా చేతిలో సూది చూశాడు.
ఆ కొత్త పెదవితో, వార్డంతా లేచేట్టు,
మొదటిసారి గాలి పక్కకి జారిపోకుండా
"అజా!"

పక్క మంచం తల్లి నవ్వింది. ఎవరో దగ్గారు.
నేను సూది అలాగే పట్టుకుని
ఎంతసేపు ఆగానో.
తర్వాత గుచ్చాను.

పొద్దున షిఫ్టు దిగి బెర్తులో చొక్కా విప్పితే
జేబులోంచి ఒక లవంగం రాలింది.
నోట్లో వేసుకున్నాను. కొరకలేదు.